నూకాలమ్మ మూడు వైన్ సీసాలు

మా ఆవిడ పేరు నూకాలమ్మ. టాటానగర్ స్టేషన్ పక్క బాగ్‌బేరాలో తెలుగువాళ్లింట పెళ్లంటే ముందు ఆవిడకి ఎప్పుడు వీలో కనుక్కుని, తరవాత పంతులుగారి దగ్గరికి వెళ్తారు. గొప్పకి చెప్పడం లేదు. ముప్పైమూడేళ్లు ఆ స్టేషన్ యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేశాను. అయినా తవిటయ్య అంటే ఎవరూ పోల్చుకోరు, నూకాలమ్మ మొగుడంటే అందరికీ తెలుసు.

పలాస పక్క పల్లె నుంచి పెళ్లయి రైల్వే క్వార్టర్‌కి వచ్చేనాటికి ఆవిడకి పంతొమ్మిదేళ్లు. మొదట్లో పెళ్లికాని ఖలాసీలకి క్యారియర్లు కట్టింది. తరవాత పెళ్లివంటలు పట్టింది. ఆవిడకొక నియమం. దేవుడికి పెట్టకముందు ఏదీ నాలుక మీద వెయ్యదు, ఎంగిలని. నాలుగొందల మందికి పులుసు కాచినా అంతే. ఆవిరి మీదికి వంగి, ఒక్క క్షణం ఆగి, "ఇంకో గుప్పెడు ఉప్పెయ్" అంటుంది. ఉప్పుకి వాసనేమిటని నన్నడక్కండి. ఆ గుప్పెడు ఎన్నడూ తప్పలేదు.

"వాసన సూత్తే ఎంగిలి కాదేటే?" అని ఒకసారి వెటకారమాడాను.

"ఆవిరి దానంతటదే వత్తాది. నానేటి సెయ్యను?" అంది.

మొన్న జనవరిలో వారం రోజులు జ్వరం వచ్చింది. పోతూ పోతూ ఆవిడ ముక్కుని పట్టుకుపోయింది. మాకు తెలియలేదు, ఎందుకంటే ఆవిడ చెప్పలేదు. మార్చిలో ఒక సీమంతంలో పప్పు అడుగంటుతుంటే పక్కనే నిలబడి కలుపుతూనే ఉందట. జనం సగం విస్తళ్లలో వదిలేసి లేచారు. ఇంటికొచ్చి గుండిగ తోముతూ, "నాకు ఏటీ వాసన రాట్లేదయ్యా" అంది. నేనేమన్నాను? "పోన్లే, వయసు మీదపడింది" అన్నాను. నా నోరు పడ, ఆ మాట ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలీదు.

ముక్కు డాక్టరు ఇంక మందుల్లేవన్నాడు. రోజూ రెండుపూటలా వాసనలు చూపించండి, వస్తే రావచ్చు, రాకపోతే లేదు అన్నాడు. ఈలోగా గూడ్స్ గార్డు చిన్నారావు వచ్చి ఈవిడతో, మే నెలలో కూతురి పెళ్లి, వంట నీదే అప్పా అన్నాడు. ఈవిడ ఒప్పేసుకుంది. మానెయ్యమంటే నా మీద విరుచుకుపడింది.

"సీమంతం సంగతి అప్పుడే ఊరంతా పాకింది. ఇది కూడా వొగ్గేత్తే నన్నింక పొయ్యి దగ్గరికి ఎవులు పిలుత్తారు? ఇంట్లో కూకుని నీ మొకం సూత్తూ ఉండాలా?"

డాక్టరు చెప్పినట్టే మొదలెట్టి, లవంగం చూపిస్తే లవంగమంది. ఇంగువ చూపిస్తే ఇంగువంది. మాకు ప్రాణం లేచొచ్చింది. కానీ మా అమ్మాయి యోగిత అనుమానం మనిషి. బిష్టుపూర్‌లో ఒక హోటల్లో రిసెప్షన్‌లో కూర్చుంటుంది. ఇక్కడే పుట్టి పెరిగింది, నోట హిందీయే ముందొస్తుంది. తల్లి కళ్లకి తువ్వాలు కట్టి ఇంగువ డబ్బా ముక్కు దగ్గర పెట్టింది. "లవంగం" అంది ఆవిడ. కాఫీపొడి పెట్టింది. మళ్లీ "లవంగం" అంది, ఈసారి గొంతు బాగా తగ్గించి.

"మా కో బస్ యాద్ ఆ రహా హై," అంది యోగిత. వాసన రావడం లేదు, కళ్లు చూసి మనసు గుర్తుచేస్తోందని. పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ ఎరగని వాసన కావాలంది. మసాలా దినుసుల్లో ఆవిడ ఎరగనిదేముంది? అప్పుడు వైన్ మాట ఎత్తింది. కొత్తగా మొదలెట్టేవాళ్లకి వాళ్ల హోటల్లో నేర్పుతారట. చవకవి రెండు మూడు రకాలు తెచ్చుకోవాలి. గ్లాసు తిప్పి వాసన చూడాలి. గుక్కెడు నోట్లో ఆపి, ఏం తెలిసిందో, ఏది నచ్చిందో రాసుకోవాలి. ఖరీదైనదే నచ్చాలని రూలేం లేదట.

చీపురు తిరగేస్తుందనుకున్నాను. "తే" అంది నూకాలమ్మ. మడీ ఆచారం అనే మనిషి ఒక్కమాట అడ్డు చెప్పకుండా అలా అనేసరికి నాకు భయం వేసింది.

బీడీ కూడా ముట్టని నేను జుగ్సలాయిలో మందు దుకాణం ముందు లైన్లో నిలబడ్డాను. వెనక నుంచి ఆదిబాబు, యార్డులో నా కింద పనిచేసినవాడు, "రిటైరయ్యాక మొదలెట్టినావేటి మావా?" అన్నాడు. సిగ్గుతో చచ్చాను. చవకలో చవకవి మూడు సీసాలు, పోర్టు అనే తీపి వైను, ఎర్రది, తెల్లది, సంచిలో వేసుకుని వచ్చాను.

సాయంత్రం నాలుగింటికి తలుపులు మూసి స్టీలు గ్లాసుల్లో పోసుకున్నాం. తీపిది దగ్గుమందులా ఉందంది. ఎర్రది పచ్చి అరటికాయ కొరికినట్టు నోరంతా వగరంది. తెల్లది పులుపంది. అన్నీ నాలుక చెప్పినవే. ముక్కు ఏమీ చెప్పలేదు. "తుమ్హే కౌన్‌సా అచ్ఛా లగా?" అంటూ, ఏది నచ్చిందో చెప్పమని యోగిత పెన్ను పట్టుకుని అడిగింది.

"ఎవులికేటి నచ్చుతాదో నాకు తెల్సు. నాకేటి నచ్చుతాదో ఎవులూ అడగనేదు, నానూ సూసుకోనేదు," అంది.

నన్నూ వాసన చూడమంది ఆవిడ, లేకపోతే ఒప్పో తప్పో ఎవరు చెబుతారని. రోజూ చూశాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గాని, నాకు ఎర్రది నచ్చింది. అందులో నేరేడుపళ్లు పిండిన గుడ్డ వాసన, దాని అడుగున పాత చెక్కబీరువా వాసన. పది రోజులకి కళ్లు మూసుకుని ఏది ఏదో చెప్పేస్తున్నాను. తీపిది యోగిత తాగేది. ఎర్రదీ తీపిదీ అయిపోతే మళ్లీ తెచ్చాం. తెల్లది ఎవరికీ పడక గూట్లో అలాగే ఉంది.

ఒకరోజు నూకాలమ్మ కళ్లకి గంతలతో ఒక గ్లాసు దగ్గర ఆగిపోయింది. "దీన్లో ఏటో ఉంది. ముక్కులోకెక్కింది" అంది. యోగిత గ్లాసులు మార్చింది. మూడుసార్లూ అదే గ్లాసు పట్టింది. తల్లీకూతుళ్లు కావలించుకున్నారు. నూకాలమ్మ నవ్వి, పెళ్లివంటలు వేళ్ల మీద చెప్పడం మొదలెట్టింది. నేను ఆ గ్లాసు తీసి వాసన చూశాను. తెల్లది. మూత తీసిన సీసా ఏప్రిల్ ఎండలకి పులిసి సిర్కా, అదే వెనిగర్, అయిపోయింది. అది వాసన కాదు, ఘాటు. ముక్కు చచ్చినవాళ్లకి కూడా తగిలేది.

మింగలేక కక్కలేక ఆ సాయంత్రమంతా గడిపాను. పొద్దున్న చెప్పాను. ఆవిడ ఆ గ్లాసులన్నీ తోమి బోర్లించింది. తరవాత, "నీకు వాసన వత్తంది కదా. పెళ్లిలో నా పక్కన నిలబడు. నువ్ సెప్పు, నాను సేత్తాను" అంది.

నిలబడ్డాను. గుమ్మడికాయ పులుసు తెర్లుతోంది. ఆవిడ నావైపు తిరిగింది.

"ఏటుంది?"

"బాగుంది."

"బాగుంటే నాకేటి తెలుత్తాది? ఇంగువ పచ్చిగుందా? బెల్లం ముందుకొచ్చిందా? మనింట్లో పులుసు లాగుందా, లేదా?"

నేను ఆవిరి మీదికి వంగాను. మంచి వాసనే వచ్చింది. ఎలాంటిదంటే నా దగ్గర మాట లేదు. చవక సీసా గురించి అన్ని సంగతులు చెప్పగలిగినవాణ్ని, మా ఇంటి పులుసు వాసన ఏమిటో నాకు తెలీదు. ఎన్నడూ గమనించలేదు. పళ్లెం ముందుకు రాగానే తిని, చెయ్యి కడుక్కుని లేచిపోయేవాణ్ని.

"ముప్పైనాలుగేళ్లు తిన్నావు కదయ్యా," అంది నూకాలమ్మ. కోపంగా కూడా అనలేదు.

తన దగ్గర పని నేర్చుకున్న దేవిని పిలిచి గరిటె చేతికిచ్చింది. "నువ్ రుసి సూసి దించుకోమ్మా" అంది. చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, పందిట్లోకి వెళ్లి వెనక వరసలో ఒక కుర్చీలో కూర్చుంది. పెళ్లికొచ్చి ఆవిడ కుర్చీలో కూర్చోగా నేను చూడ్డం అదే మొదలు.