సునీత కాళ్ల మీది ఎర్ర గడ్డలు

2022 అక్టోబరు. కాలిఫోర్నియాలో సన్నీవేల్‌లోని ఒక చర్మవైద్య క్లినిక్‌లో నేను నర్స్ ప్రాక్టీషనర్‌ని. రోగిని చూసి, పరీక్షలూ మందులూ రాయగలిగే నర్సునన్నమాట.

ఆ రోజు వచ్చిన సునీతది భీమవరం. సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. రెండు కాళ్లకీ మోకాళ్ల కింద ఎముక వెంబడి ఎర్రటి గడ్డలు. వేలు ఆనించగానే పళ్లు బిగబట్టింది. అపాయింట్‌మెంట్ లేకుండా చూసే అర్జెంట్ కేర్‌లో పురుగు కుట్టిందని ఆయింట్‌మెంట్ ఇచ్చారట. టీబీ వల్ల కూడా ఇలా వస్తుందని ఇంటర్నెట్‌లో చదివి, చంటిపిల్లను ఎత్తుకోవడమే మానేసింది.

చూడగానే ఎరిథీమా నోడోసమ్ అని తెలిసింది. చర్మం కింది కొవ్వు పొర వాచి గడ్డలుగా తేలుతుంది. కారణం తెలుసుకోవడమే కష్టం. గొంతు ఇన్ఫెక్షన్, కొన్ని మాత్రలు, గర్భం, టీబీ, ఏదైనా కావచ్చు. ఒక్కొక్కటే అడుగుతూ వచ్చాను. కొన్ని వారాల కిందట జ్వరం, దగ్గు వచ్చి తగ్గాయంది. అంతకుముందు ఎక్కడికైనా వెళ్లారా అన్నాను.

"బేకర్స్‌ఫీల్డ్ దగ్గర మా తెలుగు చర్చివాళ్లు స్థలం కొన్నారండీ. లాంగ్ వీకెండ్‌లో అందరం వెళ్లి క్లీన్ చేశాం. ఒకటే దుమ్ము."

ఆ ప్రాంతపు మట్టిలో ఒక ఫంగస్ ఉంటుంది. అది దుమ్ముతో ఊపిరితిత్తుల్లో చేరితే వ్యాలీ ఫీవర్ వస్తుంది. అదే అయితే ఒకరి నుంచి ఒకరికి అంటదని చెప్పాను. ఆమె కళ్లు తుడుచుకుంది. రక్తపరీక్షలు, ఎక్స్‌రే, టీబీ పరీక్ష రాసి, మీతో వచ్చినవాళ్లలో ఇంకెవరికైనా బాగోలేదా అని అడిగాను.



"మా పాస్టరు అయ్యగారికండీ. న్యుమోనియా అని రెండోసారి యాంటీబయాటిక్స్ ఇచ్చారు. షుగర్ కూడా ఉంది. ఆదివారం ప్రసంగం మధ్యలో నిలబడలేక కూర్చుండిపోయారు."

"ఆయన కాళ్ల మీద ఇలాంటివి ఉన్నాయా?"

"లేవండీ."

యాంటీబయాటిక్స్ ఫంగస్ మీద పనిచేయవు. షుగర్ ఉన్నవాళ్లలో ఈ జబ్బు ముదిరిపోవచ్చు. ఈ రోజే హాస్పిటల్‌కి తీసుకెళ్లి, ఆ స్థలం సంగతి డాక్టర్లకు చెప్పమన్నాను. ఆమె నా ఎదుటే భర్తకు ఫోన్ చేసింది.

ఇద్దరికీ వ్యాలీ ఫీవరే. సునీతకు టీబీ లేదు. గడ్డలు నొప్పి మాత్రలతో, విశ్రాంతితో కమిలిన రంగుకు తిరిగి, మెల్లగా మాయమయ్యాయి. అయ్యగారు హాస్పిటల్లో ఉండి, నెలల తరబడి ఫంగస్ మందు వాడాక కోలుకున్నారు. తర్వాత ఒకసారి సునీత వెంట క్లినిక్‌కి వచ్చారు.

"ఈ అమ్మాయి కాళ్లు నొప్పెట్టబట్టి గానీ, లేకపోతే నేనింకా ఆ మాత్రలే మింగుతుండేవాణ్నమ్మా" అన్నారు.

వ్యాలీ ఫీవర్‌లో ఈ గడ్డలు చాలాసార్లు శరీరం గట్టిగా పోరాడుతోందనడానికి గుర్తు. నొప్పితో నా ముందు కూర్చున్న మనిషి అప్పటికే కోలుకునే దారిలో ఉంది. ప్రాణం మీదికి వచ్చిన మనిషి, కాళ్ల మీద ఒక్క మచ్చయినా లేకుండా, ఇంట్లో దగ్గుతూ ఉన్నాడు. ఇప్పుడు ఎవరు వచ్చినా, వాళ్ల పక్కన ఉన్నవాళ్ల గురించి కూడా అడిగాకే పంపుతాను.