చిన్న కుర్చీ మేడం

మా లా కాలేజీలో ఆవిడ పేరు ఎవరికీ పట్టదు. చిన్న కుర్చీ మేడం అంటేనే తెలుస్తుంది. కోర్టులో పిల్లల తరఫున, కుటుంబాల తరఫున ఎలా మాట్లాడాలో విద్యార్థులకు నేర్పుతుంది. నర్సరీ పిల్లల కుర్చీలో మోకాళ్లు ముడుచుకుని కూర్చుని, తానే ఏడేళ్ల పిల్ల అయిపోతుంది. విద్యార్థులు ప్రశ్నలడగాలి. "అమ్మ కావాలా, నాన్న కావాలా?" అని అడిగారా, వాళ్ల పని అయిపోయినట్టే. ఇక ఆ రోజంతా నోరు విప్పదు. ఇరవై ఏళ్లుగా ఆ గదిలో ఫైళ్లు సర్దుతూ ఆ మొండితనానికి నవ్వుకునేదాన్ని.

"జడ్జిగారికి ఏం చెప్పాలో పిల్లలకి ఇంట్లోవాళ్లు నేర్పకూడదు" అన్నది ఆవిడ రెండో నియమం. ఆ మాట వింటే మాత్రం నాకు నవ్వు రాదు.

మొన్న మధ్యాహ్నం ఒక విద్యార్థిని వచ్చింది. అమ్మ దగ్గర ఉండాలో నాన్న దగ్గర ఉండాలో తేల్చడానికి మర్నాడు జడ్జి ఒక పిల్లాడితో మాట్లాడబోతున్నారు. ఈ అమ్మాయి వాడి తల్లికి సాయం చేస్తోంది.

"మేడం, 'నువ్వు నాకు కావాలిరా అని వాడితో అనొచ్చా?' అని అడిగిందండీ ఆ తల్లి. మీరు నేర్పినట్టే వద్దన్నాను. కరెక్టే కదా?"

మేడం చిన్న కుర్చీలో కూలబడింది.

ఎందుకో నాకు తెలుసు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడ్డట్టు, తన విడాకులప్పుడు ఆవిడా ఇదే చేసింది. నేర్పినట్టవుతుందని, కూతుర్ని ఉండమని ఒక్క మాట అనలేదు. "నీ ఇష్టం తల్లీ" అందట. ఆ ఏడేళ్ల పిల్ల జడ్జితో, "అమ్మ నన్ను ఉండమనలేదు, నాన్న రమ్మన్నాడు" అంది. నాన్నతో వెళ్లిపోయి పదిహేనేళ్లయింది. పుట్టినరోజుకి ఒక ఫోను, రెండు నిమిషాలు, అంతే. రోజూ మధ్యాహ్నం మేడం గోడకేసి చూస్తూ ఒక్కతే అన్నం డబ్బా ఖాళీ చేస్తుంది.

"ఇప్పుడే ఆ తల్లికి ఫోన్ చెయ్యి" అంది మేడం. "జడ్జిగారికి ఏం చెప్పాలో నేర్పొద్దు. కానీ కావాలని చెప్పమను. అది నేర్పడం కాదు, ఉన్న మాట. ఇన్నేళ్లూ నేనే తప్పు చెప్పాను."

అమ్మాయి పరుగెత్తింది. మేడం అక్కడే కూర్చుని తన ఫోన్ తీసింది. గది నిశ్శబ్దంగా ఉంది, కూతురి గొంతు నాదాకా వినిపించింది.

"ఏంటమ్మా? ఇవాళ నా పుట్టినరోజు కాదుగా?"

"నువ్వు నాకు కావాలే. అప్పుడూ కావాలనే ఉండేది."



"ఆ రోజు కోర్టుకి వెళ్లేముందు బూట్లు వేసుకోడానికి ఎంతసేపు చేశానో గుర్తుందా అమ్మా? ఉండమని అడుగుతావేమో అని."

"గుర్తుంది" అంది మేడం. "టైమవుతోందని నేనే తొడిగాను."