అత్తయ్య తోటకు నేను తోలిన చీమలు

ఒక మంచి పుస్తకం మనిషి జీవితాన్నే మార్చేస్తుందని సభల్లో చెబుతుంటారు. మనిషి సంగతి నాకు తెలియదు కానీ, నేను ఇచ్చిన ఒక పుస్తకం విస్సన్నపేట దగ్గర ఒక మామిడితోటను మార్చేసింది. ఎంత ఘోరంగా మార్చిందో చెబుతాను. నవ్వొస్తే మొహమాటపడకుండా నవ్వండి. ఇంతవరకూ విన్నవాళ్లందరూ నవ్వారు, మా అత్తయ్య తప్ప.

అప్పుడు నేను నూజివీడులో కొత్తగా పుస్తకాల షాపు పెట్టాను. పోటీపరీక్షల గైడ్ల వల్ల అద్దె వచ్చేది. చెట్లు, పిట్టలు, పురుగుల మీద పుస్తకాలున్న మూల అల్మారా వల్ల దుమ్ము వచ్చేది. అయినా ఆ అల్మారా అంటేనే నాకు ప్రాణం. అందులోని ప్రతి పుస్తకానికీ ఒక అట్టముక్క కట్టి, "నేను చదివాను, మీరూ చదవండి" అని రాసి సంతకం పెట్టేదాన్ని. నిజానికి వాటిలో చాలావాటిని నేను సగమే చదివాను. బొబ్బట్టు బాగుందని చెప్పడానికి ఒక ముక్క కొరికితే చాలదా అని అప్పటి నా వాదన.

ఒక శీతాకాలం ఉదయం మా మేనత్త రాజ్యలక్ష్మి షాపుకొచ్చింది. వచ్చీ రాగానే స్టూలు మీద కూలబడింది.

"ఈ ఏడు కాపు సరిగ్గా చేతికి రాకపోతే చెట్లన్నీ కొట్టించి పామాయిల్ వేసేస్తానంటున్నాడే మీ బావ. మీ మామయ్య నాటిన చెట్లే అవి! ఆయన పోయాక నేను మాట్లాడుకునేది వాటితోనే కదా."

"బావని ఒప్పించలేకపోయావా అత్తయ్యా?"

"వాడు మాత్రం ఏం చేస్తాడు? ఎన్ని మందులు కొట్టినా పురుగు చావట్లేదు. ఆ వాసనకి నేను మాత్రం చచ్చేలా ఉన్నాను."

ఇంత అవకాశం ఏ పుస్తకాల షాపువాళ్లకైనా వస్తుందా? నేను ఒక్క గెంతులో అల్మారా దగ్గరికి వెళ్లి చీమల పుస్తకం తీశాను.

"మందులెందుకు? ఆకులు కుట్టి గూళ్లు కట్టుకుంటాయే, ఆ ఎర్రచీమల్ని చెట్టెక్కించు. పురుగనేదాన్ని బతకనివ్వవు."

"చీమలా! నువ్వు చదివావా ఇది?"

"అట్టముక్క మీద చూడు, సంతకంతో సహా ఉంది."

మా అత్తయ్య సంతకాన్ని నమ్మే మనిషి. పాపం, నమ్మింది.

ఆ ఆదివారమే పనిలోకి దిగాం. గట్ల మీది చెట్ల నుంచి గూళ్లు కోసి సంచుల్లో తెచ్చి తోటలో కట్టాం. చీమలు కాళ్లు నొప్పెట్టకుండా తిరగడానికి చెట్టుకీ చెట్టుకీ పురికొసలు లాగాం. మన ఊళ్లకు పడని రోడ్లు వాటికి పడ్డాయి. పూత వచ్చింది, నిలిచింది. పిందె కట్టింది, అదీ నిలిచింది. ఎండాకాలానికి చిన్నరసాలు గుత్తులుగా వేలాడుతుంటే, మా బావ తోటంతా తిరిగొచ్చి, "సరేలేమ్మా, చెట్లు ఉండనిద్దాం" అన్నాడు. అత్తయ్య నాకు ఫోన్ చేసి ఏడ్చింది. నేను షాపుకొచ్చిన ప్రతివాడికీ, గైడు అడిగినవాడికి కూడా, ప్రకృతి సేద్యం మీద ఉపన్యాసమిచ్చి పంపాను.

కోత రోజున నన్ను గౌరవ అతిథిగా పిలిచారు. మేస్త్రీ కోటయ్య మనుషులతో వచ్చాడు. చిక్కాలు కట్టిన గెడలు పైకెత్తి కొమ్మల్లో పెట్టారో లేదో, చొక్కాలు విప్పి గంతులేయడం మొదలెట్టారు. చెట్టెక్కిన కుర్రాడైతే దిగలేదు, దూకాడు.

"అమ్మగారూ! చీమలండీ! చెట్టు నిండా చీమలే!" అని అరిచాడు కోటయ్య.

"మాకు తెలుసండీ, మేమే పెంచాం," అన్నాను గర్వంగా.

కోటయ్య మెడ గోక్కోవడం ఆపి నన్ను ఎగాదిగా చూశాడు. "పెంచారా? పెంచితే కాయలు కూడా వాటినే కొయ్యమనండి."

"అదేంటి కోటయ్యా, కాస్త ఓర్చుకో. సాయంత్రం గాలివాన ఉందంటున్నారు," అంది అత్తయ్య.

"ఎక్కడని ఓర్చుకోమంటారండీ? పంచెలోకి దూరాయి!"

అత్తయ్య నా వైపు తిరిగింది. "ఆ పుస్తకంలో కోత గురించి ఏం రాశాడే?"

అందరూ నా చుట్టూ చేరారు. అత్తయ్య ఇంట్లోంచి తెచ్చిచ్చిన పుస్తకం తెరిచాను. నా గుర్తుకాగితం ఎక్కడ ఆగిందో, ఆ తర్వాతి కాగితాలు షాపుకొచ్చినప్పటంత కొత్తగా ఉన్నాయి. తిప్పుకుంటూ పోతే చిట్టచివరి అధ్యాయం కనబడింది. కోతకు వారం ముందే గూళ్లను జాగ్రత్తగా కోసి వేరే చెట్లకు మార్చాలట. లేకపోతే మనుషులెవరూ చెట్టు దగ్గరికి పోలేరట.

"చదివానన్నావు కదే," అంది అత్తయ్య మెల్లగా.

తిట్టినా బాగుండేది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నా విషయంలో సగం చదివితే ఉన్న తోట పోయింది.

కోటయ్య వాళ్లు పక్క ఊరి తోటకు వెళ్లిపోయారు. మైలవరం దాకా ఫోన్లు చేశాం. చీమల మాట మాకంటే ముందే అక్కడికి చేరింది. చివరికి అత్తయ్య తలకు తువ్వాలు చుట్టుకుని, మామయ్య పాత ఫుల్ హ్యాండ్స్ చొక్కా తొడుక్కుని, తనే గెడ పట్టింది. బావా నేనూ మరో చెట్టు దగ్గర కోస్తూ, గోక్కుంటూ, మళ్లీ కోశాం. ముగ్గురం కలిసి కోసింది ఆటో అడుగు కూడా నిండలేదు. సాయంత్రం గాలివాన చెప్పినట్టే వచ్చింది. మేం వసారాలో నిలబడి ఉంటే, చీకట్లో కాయలు రాలుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది. అత్తయ్య లోపలికి రానంది. తెల్లారేసరికి చెట్ల మీద చీమలున్నాయి, కాయలు లేవు.

బావ కోప్పడలేదు. "కాపు చేతికి రాలేదుగా, మాట మాటేనమ్మా" అన్నాడంతే. శ్రావణం రాకముందే చెట్లు కొట్టే మిషన్లు వచ్చాయి. ఆ మిషన్లు తిప్పేవాళ్లు ముందుగానే చీమలకు మందు కొట్టించుకున్నారు. వాళ్లు ఏ పుస్తకమూ చదవలేదు మరి.

నేను వెళ్లేసరికి అత్తయ్య తోటకు వీపు పెట్టి వసారాలో కూర్చుని ఉంది. క్షమించమని అడగబోయి ఏడ్చేశాను.

"ఏడవకే. నీ పుస్తకం అబద్ధమేం చెప్పలేదు. చూడు, తోటలో పురుగనేదే లేదిప్పుడు," అంది.

అది వేళాకోళమో, ఓదార్పో ఈరోజుకీ నాకు తెలియదు.

తిరిగొచ్చిన రోజే మూల అల్మారా ముందు నిలబడి, చెయ్యి చాచి, గైడు కొనుక్కోవడానికొచ్చిన ఇద్దరి సాక్షిగా శపథం చేశాను. చివరి పేజీ దాకా చదవని పుస్తకాన్ని ఎవరికీ సిఫారసు చేయను. చదివినదాన్ని కూడా మామిడితోట ఉన్నవాళ్లకు చచ్చినా చేయను. ఇప్పటిదాకా మాట తప్పలేదు. ఈ చుట్టుపక్కల మామిడితోటలున్నవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు కాబట్టి, నిలబెట్టుకోవడం కూడా ఏటేటా తేలికవుతోంది.