ఆరో పలక దగ్గర నొక్కిన ఓకే

2023 ఎండాకాలం. గోదావరిఖనిలో మా వీధిలో మధ్యాహ్నం పూట కుక్కలు కూడా బయటికి రావు. హైదరాబాదులోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఇంటి నుంచే పనిచేసేదాన్ని కాబట్టి నాకు ఎండతో పేచీ లేదు. పేచీ అంతా ఒక ట్యాబ్లెట్‌తో వచ్చింది.

భూగర్భ గనిలో సర్దార్ అనే ఉద్యోగి ఉంటాడు. తనకు అప్పగించిన చోట పైకప్పు గట్టిగా ఉందా, గ్యాస్ ఉందా అని చూసి, అక్కడ పనిచేసేవాళ్ల ప్రాణాలకు పూచీ పడేది ఆయనే. చూసిందంతా షిఫ్టు చివర పుస్తకంలో రాస్తాడు. ఆ పుస్తకం బదులు యాప్ కావాలని మా కంపెనీని అడిగారు. మామూలు ఫోను గనిలోకి తీసుకుపోనివ్వరు, నిప్పురవ్వ భయం. అందుకని రవ్వ పుట్టకుండా తయారుచేసిన బరువైన ట్యాబ్లెట్లు తెప్పించారు. యాప్ నేను రాశాను.

అందులో నేను గర్వంగా పెట్టిన ఫీచర్ టైమర్. తనిఖీ చేయాల్సిన ప్రతి చోటా ఒక నంబరు పలక. పలక మీది కోడ్ స్కాన్ చేసి 'ఓకే' అనో 'నాట్ ఓకే' అనో నొక్కాలి. ఒకసారి నొక్కాక ఎవరూ మార్చలేరు. ఒక పలక నుంచి ఇంకో పలకకు నేను కట్టిన సమయం దాటితే ఎర్ర గుర్తు. ఆ సమయం ఎలా కట్టానంటే, గని మ్యాపులో దూరం కొలిచి, నడకకు ఇంత, పైకి ఒక చూపుకు ఇంత అని. మా నాన్న గని కార్మికుడే. అయినా ఆయన్ను ఒక్క మాట అడగలేదు. నాకు అన్నీ తెలుసన్న పొగరు.

నెల తిరక్కుండానే, అందరి రిపోర్టులూ ఒకచోట కనిపించే డ్యాష్‌బోర్డు మీద ఒకే పేరు పక్కన ఎర్ర గుర్తులు వరస కట్టాయి. దానియేలు, సర్దార్. మేనేజరు ఆయనకు మెమో ఇచ్చారు. జవాబు నచ్చకపోతే ఛార్జిషీటు. ఆయన రిటైర్మెంటుకు నాలుగు నెలలే ఉన్నాయి. పెద్దాయనకు ట్యాబ్లెట్ చేతకావడం లేదనుకుని, నేర్పిద్దామని గని ఆఫీసుకు వెళ్లి ఆయన్ను కలిశాను.

"మిగతావాళ్లంతా టైముకు చేస్తున్నరు గద కాకా, నీకే ఎందుకు ఆలస్యమైతున్నది?"

"ఎట్ల చేస్తున్నరో సూసినవా బిడ్డా?"

"స్క్రీన్ మీద చూసిన. అన్నీ పచ్చగనే ఉన్నయ్."

"స్క్రీన్ మీద రూఫు గూడ కనవడ్తదా?"

ఆ మాట చురుక్కుమంది. కోపం కూడా వచ్చింది. నేరుగా మేనేజరు గదిలోకి వెళ్లి, లోపలికి దిగడానికి పర్మిషన్ కావాలన్నాను. "ఆఫీసులో కూర్చొని చేసే పనికి గనిలోకి ఎందుకు మేడమ్?" అన్నారాయన.

"నా యాప్ ఒక మనిషి నౌకరీ మీదికి తెచ్చింది సార్. చూడకుండ ఇంక ఒక్క లైన్ కూడ రాయ."

పది రోజులు తిరిగితే పర్మిషన్ దొరికింది. ట్రైనింగ్ ఇచ్చి, హెల్మెట్, క్యాప్ ల్యాంపు, నా కాలికి ఒక సైజు పెద్దవైన బూట్లు ఇచ్చారు. ఫస్టు షిఫ్టులో దానియేలు కాక వెంట దిగాను.

మొదటి పలక దగ్గర ఆయన ట్యాబ్లెట్‌ను మెడలోని తాడుకు వదిలేశాడు. ఎడమ అరచేయి పైకప్పుకు ఆనించి, కుడిచేత్తో కర్ర పట్టి పక్కనే తట్టాడు. "మంచి రూఫు ఖంగుమంటది. పట్టు వదిలింది బోలుగ పల్కుతది. ఒక్కోపారి చెవికి దొరకదు, చేతికే అదురు తెలుస్తది. ఇగో, పెట్టి సూడు." పెట్టి చూశాను. రాయి చల్లగా, కదలకుండా ఉంది. అలా ఒక్క చోట కాదు, అడుగడుక్కూ తట్టాడు. తర్వాత కుడిచేతి గ్లవ్ తీసి, బొగ్గు చెమటను ప్యాంటుకు తుడుచుకుని, అప్పుడు ట్యాబ్లెట్ అందుకున్నాడు. రెండు చేతులూ పైకప్పు మీద ఉండాల్సిన మనిషి చేతిలో నేను ట్యాబ్లెట్ పెట్టాను. టైముకు ముగించేవాళ్లు ఈ తట్టడమే వదిలేస్తున్నారని ఎవరూ చెప్పనక్కర్లేదు.

రెండు, మూడు పలకలు ఎర్రబడ్డాయి. నాకు మనసాగలేదు. "నేను పట్టుకుంట, నువ్వు తట్టు కాకా" అని ట్యాబ్లెట్ తీసుకున్నాను. ఆరో పలక దగ్గర టైమర్ చివరికి వచ్చింది. మళ్లీ ఎర్రబడుతుందన్న ఆత్రంలో, ఆయన ఇంకా తడుతుండగానే 'ఓకే' నొక్కేశాను.

ఆయన కర్ర ఆగింది. "ఎన్కకు రా. జల్ది." నా భుజం పట్టి లాగి, ఎదురుగా వస్తున్న ఇద్దరు కార్మికులను కేకేసి ఆపాడు. దారికి అడ్డం కట్టించాడు. పైకప్పుకు ఆసరాలు బిగించే సపోర్టు మనుషులు వచ్చి, భద్రంగా ఉన్న చోట నిలబడి పొడవాటి ఇనుప బార్‌తో పొడిస్తే మంచమంత రాతిపెళ్ల ఊడి పడింది. నేను స్క్రీన్ చూశాను. ఆరో పలక పచ్చగా ఉంది. మార్చడానికి లేదు. ఆ పచ్చను నమ్మి ఉంటే ఇద్దరు మనుషులు ఆ పెళ్ల కిందికి నడిచి వచ్చేవారు. సిగ్గుతో ఏడుపొచ్చింది.

"తప్పు నొక్కిన కాకా."

"నువ్వు ఒక్కపారి నొక్కినవ్. దినాం నొక్కేటోళ్ల సంగతి సూడు."

పైకి రాగానే ముఖం కూడా కడుక్కోకుండా మేనేజరు ముందు ట్యాబ్లెట్ పెట్టాను. "ఆ ఎర్ర గుర్తులు పడ్డది ఆయన పని చేసినందుకు సార్. నేను కట్టిన టైము తప్పు. ఆ మాట కాగితం మీద రాసిస్త." ఆరో పలక దగ్గర జరిగింది చెప్పాను. ఆయన దాని రికార్డు తెరిచి చూశారు. "మీ కంపెనీ ఒప్పుకుంటుందా?" అన్నారు. "అది నేను చూసుకుంట" అన్నాను. అక్కడే కూర్చుని రాసి సంతకం పెట్టాను. మర్నాడు మెమో వెనక్కి తీసుకున్నారు. కొత్త యాప్ వచ్చేదాకా పాత పుస్తకమే నడవాలని ఆర్డరు వేశారు. తప్పు మనదని రాసిస్తావా అని హైదరాబాదులో మా బాసు ఫోనులో ఎగిరిపడ్డాడు. మీరూ ఒకసారి దిగి చూడండి అన్నాను. రాలేదు.

ఆరు వారాలు కూర్చుని మళ్లీ రాశాను. టైమర్ తీసేశాను. ట్యాబ్లెట్ మెడలో వేసుకునే పని లేదు, భద్రమైన చోట ఉంటుంది. సర్దార్ తిరిగి వచ్చి, కూర్చుని నింపుతాడు. తప్పు నొక్కితే దిద్దుకోవచ్చు, పాతదీ పక్కనే కనిపిస్తుంది. దానియేలు కాక వాడి చూసి అక్షరాలు చిన్నవన్నాడు. పెద్దవి చేశాను.

ఆయన ఆఖరి షిఫ్టు రిపోర్టు నేను తెరిచి చూశాను. వరసగా అన్నీ ఓకే, ఒక్కచోట మాత్రం నాట్ ఓకే. మర్నాటి నుంచి రానక్కర్లేని మనిషి కూడా ఆ రోజు అడుగడుక్కూ తట్టాడన్నమాట. ఇప్పుడు ఎవరు యాప్ అడిగినా, వాళ్లు పనిచేసే చోటికి వెళ్లి, పని చేస్తున్నంతసేపూ వాళ్ల చేతులు ఎక్కడున్నాయో చూస్తాను. చూసి వచ్చాకే మొదటి లైన్ రాస్తాను. ఏ డ్యాష్‌బోర్డయినా నెల పొడుగునా పచ్చగా కనిపిస్తే మాత్రం నాకు భయమేస్తుంది. వెంటనే బూట్లు వేసుకుంటాను.