ఎవరూ గడువు చెప్పని ఎడబాటు

రొమ్ములో క్యాన్సరు గడ్డ బయటపడేసరికి నాకు ఇరవై ఏడేళ్లు. గుంటూరులో ఆపరేషన్ చేసి కుడి రొమ్ము మొత్తం తీసేశారు. మూడు నెలలు తెనాలిలో అమ్మ దగ్గర ఉండి రేపల్లెలో అత్తగారింటికి తిరిగి వచ్చాను. నా మంచం మధ్యగదిలో, పాప ఉయ్యాల పక్కన వేసి ఉంది. ఆయన మంచం వసారాలోకి వెళ్లిపోయింది.

కాన్పు తర్వాత కూడా ఇలాగే వేశారు. కానీ కాన్పుకి పెద్దవాళ్ల దగ్గర ఒక లెక్క ఉంటుంది. ఐదో నెల వెళ్లాక మంచిరోజు చూసి మా అత్తగారే పక్క మార్చారు. ఈ జబ్బుకి ఎన్ని నెలలో ఏ పెద్దావిడా చెప్పి పోలేదు. అందుకని ఏడాదైనా మా ఎడబాటు తీరలేదు.

ఆయన బాపట్లలో లెక్చరరు. శనివారం వచ్చేవారు. గుమ్మంలో నిలబడే "ఒంట్లో ఎలా ఉంది?" అనేవారు. నా ఒంటికి మందులు తప్ప ఇంకేమీ అక్కర్లేదని అందరూ తీర్మానించేశారు. నాకు ఆయన కావాలి. బి.ఏ. చదివిన దాన్ని, ఆ మాట అనడానికి నోరు రాలేదు.

ఒకరోజు పక్కింటి పిన్నిగారు మా అత్తగారితో నవ్వుతూ, "మీ వాడేంటి వదినా, వసారాకి కాపలా కాస్తున్నాడు?" అంది.

"ఊరుకోవమ్మా. పిల్ల బతికి బట్టకట్టింది, అదే పదివేలు. ఇంకా ఆ సరదాలు కూడానా?" అన్నారు అత్తగారు.

లోపల బియ్యం చెరుగుతున్న నేను చేట విసిరికొట్టాను. గింజలన్నీ నేనే ఏరుకున్నాను.

ఆ నెల, అమ్మ దగ్గర ఉన్నప్పుడు నాకు కట్లు మార్చిన తెనాలి డాక్టరమ్మకి చూపించుకోవడానికి వెళ్లి, తల వంచుకునే అడిగాను. ఆవిడ ఆశ్చర్యపోయింది. "కుట్లు మానితే ఏ అభ్యంతరమూ లేదని మీ ఆయనకి అప్పుడే చెప్పానే! నీకు చెప్పలేదా?"

శనివారం ఆయన చెప్పులు విడవకముందే నిలదీశాను.

"చెప్పారు. అమ్మ ఏమనుకుంటుందోనని... నీకిష్టం ఉంటుందో లేదోనని..."

"నన్నడిగారా?"

"అలాంటివి ఎలా అడుగుతాం?"

"నూరుమంది ముందు పాఠం చెప్తారు కదండీ!"

"మెల్లగా. అమ్మ వింటుంది."

"విననివ్వండి."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మర్నాడు మధ్యాహ్నం భోజనాలు కాగానే అత్తగారు పాపను చంకనేసుకుని పక్కింటికి వెళ్లిపోయారు.

ఆయన చెయ్యి నా కుడివైపు తగలకుండా, దారిలో గుంటను తప్పుకున్నట్టు పోయింది. పట్టుకుని అక్కడే పెట్టాను.

"నొప్పా?"

"అక్కడ స్పర్శే లేదండీ."

ఆయన ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు. ఆయన మీద ప్రేమ ఉంది, ఆ మధ్యాహ్నం దగ్గరితనం నిజం. కానీ నేనుంటానో ఉండనో తెలియని రోజుల్లో, ఒక్క మాట దాచిపెట్టి నాకు ఏడాది లేకుండా చేశారు. దాన్ని నేను క్షమించలేదు.