బండికి పోసిన కల్లు

ఇరవై ఏళ్లుగా నా గొంతులో ఒక సంగతి అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. దాని మీదుగానే అన్నం తిన్నాను. దాని పక్కనుంచే వందల కథలు చెప్పి జనాన్ని నవ్వించాను. నన్నెరిగినవాళ్లకు నేనొక కోతలరాయుణ్ని. మీరు నన్నెరగరు. అందుకే మీకు చెబుతున్నాను.

అరవైల ఆఖరు రోజులవి. తార్నాకలో నాకొక రేకుల షెడ్డు, చేతిలో మెకానిక్కు పని. యూనివర్సిటీలో ఒక శాఖవాళ్లకు మిలిటరీ వేలంలో కొన్న పాత అంబులెన్సు ఉండేది. లోపల పడకలు, స్టవ్వు, చేతులు కడుక్కునే తొట్టి బిగించి దాన్ని ఇల్లు చేశారు. రాళ్లు పరిశీలించే పిల్లలు వారాల తరబడి అందులోనే తిని, అందులోనే పడుకుని జిల్లాలు తిరిగేవాళ్లు. నడిపేది యోహాను. నాకంటే పదేళ్లు పెద్ద. సీతాఫల్‌మండిలో కాపురం, ఆదివారం చర్చి. బాప్తిస్మం తీసుకున్ననాడు కల్లు మానేసిన మనిషి, మళ్లీ ముట్టలేదు.

ఆ ఏడు బండి పరీక్షలో బ్రేక్ ఇన్‌స్పెక్టరు దాన్ని తిప్పి పంపాడు. పొగ. వెనకనున్న సైకిళ్లవాళ్లు కనబడనంత నీలిపొగ. పిస్టన్ రింగులు అరిగి, ఇంజను నూనె పైకెక్కి కాలుతోంది. కొత్తవి బొంబాయి నుంచి రావాలి, పిల్లలేమో ఆ వారమే బయల్దేరాలి. రింగులొచ్చేదాకా ఆగమని చెబితే సరిపోయేది. చెప్పలేదు. అందరి ముందూ తొడ చరిచి, రేపటికి పొగ మాయం చేస్తానన్నాను.

చేశాను. ఇంజనులో పాత నూనె తీసేసి, దాని బదులు గేర్ ఆయిల్ పోశాను. జిగురులా చిక్కగా ఉంటుందది. అరిగిన రింగులు దాటి పైకి పోదు కాబట్టి ఒకటి రెండు రోజులు పొగ రాదు. పరీక్ష కాగానే తీసెయ్యాలి. లేకపోతే సన్నదారుల్లోకి నూనె చేరక, ఇనుమూ ఇనుమూ రాసుకుని ఇంజను పట్టేస్తుంది. ఈ సంగతి నాకు తెలుసు. బాగా తెలుసు.

బండి పాసయింది. పిల్లలు నన్ను భుజాల మీద ఎత్తుకున్నారు. మర్నాడు తీసేద్దామనుకున్నాను. మర్నాడు తెల్లవారకముందే వాళ్లు వెళ్లిపోతారని తెలిసి కూడా అలా అనుకున్నాను. యోహానుతో ఒక్క మాట అంటే చాలు. అంటే నా ఘనత గుట్టు బయటపడుతుంది. నోటిదాకా వచ్చిందా ఆ మాట? వచ్చిందనే అనుకోవాలని ఉంది. రాలేదు.

మూడోనాడు ఇంజను పట్టేసిన బండిని లారీకి కట్టి లాక్కొచ్చారు. ఆ సాయంత్రం ఇరానీ హోటల్లో అందరూ నా వైపే చూశారు, నీ పనితనం ఇదేనా అన్నట్టు. అప్పుడు నా నాలుక తన పని తాను చేసింది.

"మీకు తెల్వదా? యోహాను ఈతవనం కాడ బండి ఆపిండు. తానొక లొట్టి కల్లు తాగిండు. బండి అలిగిందని దానికో లొట్టి పోసిండు. నురుగు మూత దాకా పొంగింది. ఇంక నడుస్తదా?"

హోటలంతా విరగబడి నవ్వింది. నేనూ నవ్వాను. ఆ కథ అక్కడినుంచి అడిక్‌మెట్‌లో పిల్లల అద్దె గదులకు, హాస్టళ్లకు, శాఖ వరండాకు నడిచిపోయింది. నోళ్లు మారేకొద్దీ బండి తాగిన కల్లు రాలిపోయి, యోహాను తాగిన కల్లు మిగిలింది. శాఖ పెద్ద నన్ను పిలిచి, అతను తాగడం నువ్వు చూశావా అని అడిగాడు. చూడలేదు సార్, అందరూ అంటున్నారు అన్నాను. ఆ అందరూ ఎవరో నాకు తెలియదా?

యోహాను పని పోయింది. చర్చి పెద్దలు అతణ్ని ప్రభువు బల్లకు దూరం పెట్టారు. రొట్టె, ద్రాక్షారసం అందరికీ ఇస్తుంటే అతను వెనక వరసలో తల వంచుకుని కూర్చోవాలి. ఒక మధ్యాహ్నం నా షెడ్డుకొచ్చాడు.

"తమ్మీ, పని పోతే పోనియ్. లారీలున్నయ్, బస్సులున్నయ్. ఈ ఆదివారం మా చర్చికొచ్చి పెద్దల ముంగట ఒక్క మాట చెప్పు. నవ్వులాటకన్ననని."

"నేనే అన్ననని ఎవరు చెప్పిన్రు?"

"అంత మంచిగ అబద్ధం అల్లేటోడు తార్నాకల ఇంకెవడున్నడు?" కోపం లేదు, కొంచెం నవ్వాడు కూడా. తర్వాత గొంతు తగ్గించాడు. "ఒక్కటి మాత్రం తెగుతలేదు తమ్మీ. ఆ పొద్దుగాల ఇంజన్ల నూనె చూసిన్నా, లేదా? చూసిన్ననే అనుకుంటున్న. చూస్తే ఎందుకు పట్టేస్తది? నా తప్పే అయ్యుంటదా?"

నేను నట్లు బిగించే పానాలు తుడుస్తున్నాను. తల ఎత్తలేదు.

"అయ్యుండొచ్చన్నా," అన్నాను. "ఆదివారం వస్తా."

ఆదివారం సీతాఫల్‌మండి స్టేషను దాకా వెళ్లాను. చర్చిలో పాట వినిపిస్తోంది. లోపలికెళ్లి అతను తాగలేదంటే, మరి ఇంజను ఎందుకు ఆగింది అని అడుగుతారు కదా? పాట అయిపోయేదాకా నిలబడి, వెనక్కి తిరిగాను.

కొన్నాళ్లకు అతను ఇల్లు ఖాళీ చేశాడు. సొంత ఊరికి తిరిగిపోయాడని ఒకరు, లారీ నడపడానికి పోయాడని ఒకరు. ఇప్పుడు బతికి ఉన్నాడో లేదో కూడా తెలియదు. కిందటేడు హోటల్లో ఉన్నదున్నట్టు చెప్పబోయాను. గేర్ ఆయిల్ దగ్గరికి రాగానే ఒకడు టీ పొలమారేంతగా నవ్వి, ఇది నీ కథలన్నిట్లోకీ పెద్దది అన్నాడు. నేను కాదనలేదు. అప్పుడు కూడా.

కల్లు కథకంటే నన్ను ఎక్కువ తినేది ఆ షెడ్డులో అన్న మాట. కథతో పరువు తీశాను. ఆ మాటతో, తన చేతుల మీద తనకున్న నమ్మకం తీశాను. క్షమించమని మిమ్మల్ని అడగను, అది ఇవ్వాల్సింది మీరు కాదు. యోహాను తాగలేదు. ఆ పొద్దున అతను నూనె చూసే ఉంటాడు, నూనె మట్టం చూసే కడ్డీకి అది గీత దాకా అంటుకునే ఉంటుంది. పోయకూడని నూనె పోసింది నేను. ఇంతవరకు రాయగలిగాను. ఇప్పుడు ఊపిరి కొంచెం లోపలికి పోతోంది.