సర్కారు చెలకలో కాపలా మనిషి

మా వాడకట్టు దోస్తులారా, చెలకలోని దిష్టిబొమ్మకు దండం పెట్టకుండా మనం ఏనాడైనా బడికి పోయామా?

ఈ పొద్దున, నేనిప్పుడుంటున్న పరాయి దేశంలోని యూ టీ పేటలో, మా బ్లాకు కింద, అందరూ కలిసి పెంచే కూరగాయల తోటలో ఒక దిష్టిబొమ్మ కనిపించింది. ఒంటి మీద నీలం గళ్ళ చొక్కా. నా చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. "మా ఆయన చొక్కా అమ్మా," అంది పక్క ఫ్లాట్ ఆంటీ. ఆయన పోయి నెల కూడా కాలేదు.

భూమి లేని మన అమ్మలందరూ కలిసి జొన్న వేసిన చెలక సర్కారుది. "మనిషి కనబడకుంటే దొర గుంజుకుంటడు బిడ్డా," అనేది మా అమ్మ, కొంగు నడుముకు చెక్కుకుంటూ. అందుకే వాడలో ఎవరు పోయినా వాళ్ళ బట్టలు బొమ్మకు తొడిగేవారు. ఎల్లయ్య తాత అంగీలో చుట్ట వాసన ఎన్ని వానలు పడినా పోలేదు, గుర్తుందా? దొర మనుషులు ఒకసారి గట్టుదాకా వచ్చి, ఆ అంగీని చూసి వెనక్కి మళ్ళిపోయారు.

అమ్మ పోయాక చెలక ఎలా ఉందో అడగనేలేదు. పైకి వచ్చి చెల్లికి ఫోన్ చేశాను.

"మంచిగనే ఉందక్కా. అమ్మ పచ్చచీర బొమ్మకు కట్టినం," అంది. తర్వాత గొంతు తగ్గించింది. "రోజూ పొద్దుగాల పోయి చూస్తే కొంగు నడుముకు చెక్కి ఉంటుంది. మేమెవ్వరం చెక్కలే."